మహాలయ పక్షంలో ఒక పుట్టుక

ఏ సంవత్సరం చరిత్ర తిరగేసినా చివర మూడు జాబితాలు తగులుతాయి: సంఘటనలు, జననాలు, మరణాలు. 1911 తీసుకోండి. సంఘటనల కింద డిసెంబర్ 12 నాటి ఢిల్లీ దర్బారు, ఆ దర్బారులోనే ప్రకటించిన బెంగాల్ విభజన రద్దు, కలకత్తా నుంచి ఢిల్లీకి రాజధాని మార్పు ఉంటాయి. అక్టోబర్ 10న వుచాంగ్‌లో మొదలై చివరికి చైనా చక్రవర్తిని గద్దె దించిన తిరుగుబాటు ఉంటుంది. పారిస్‌లో మోనాలిసా బొమ్మ దొంగతనం, దక్షిణ ధ్రువాన అమండ్‌సెన్ పాతిన జెండా ఉంటాయి. జననాల కింద ఫైజ్ అహ్మద్ ఫైజ్, హిందీ కవి అజ్ఞేయ, పోలిష్ కవి మిలోష్, ఈజిప్టు నవలాకారుడు నగీబ్ మహఫూజ్ కనిపిస్తారు. సాహిత్యానికి అది బాగా కాపు కాసిన ఏడాదే. మరణాల్లో సిస్టర్ నివేదిత. తెలుగువాళ్లు రాసుకున్న జాబితా అయితే సెప్టెంబర్ 19 దగ్గర ఇంకో పంక్తి ఉంటుంది: బోయి భీమన్న, మామిడికుదురు. సంఘటనలూ మరణాలూ జరిగిన కొద్ది రోజులకే ఎక్కడో ఒకచోట నలుగురి నోట పడతాయి. జననాల సంగతి వేరు. రాజుల పిల్లల్ని పక్కన పెడితే, ఆ జాబితాలోని ఒక్క పేరూ ఆ ఏడాది ఊరి పొలిమేర దాటి ఉండదు. ఎన్నో ఏళ్ల తర్వాత ఎవరో వెనక్కి నడిచి వెళ్లి రాసిన పేర్లవి. వెనక్కి నడిచిన ఆ దారినే రాయాలి, చివర దొరికిన తేదీని మాత్రం రాసి ఊరుకుంటే అసలు చరిత్ర ఎగిరిపోతుంది అన్నది నా వాదన. దానికి ప్రపంచమంతా తిరగనక్కర్లేదు, కోనసీమ చాలు.

ముందుగా ఒక సందేహం తీర్చుకోవాలి. జననాలొక్కటే ఇలా వెనక నుంచి రాసినవా, సంఘటనలు కావా అని అడగొచ్చు. నిజమే, అవీ కొంతవరకు అంతే. అమండ్‌సెన్ ధ్రువం చేరింది 1911 డిసెంబర్ 14న. ఆ కబురు ప్రపంచానికి తెలిసింది ఆయన ఓడ 1912 మార్చిలో హోబర్ట్ రేవుకు వచ్చాక. ఆ అయిదుగురు మనుషులు తప్ప, 1911లో బతికున్న వాళ్లెవరికీ 1911లో ధ్రువం దొరికిందని తెలియదు. పరమాణువు నడిమధ్య ఒక గట్టి గింజ ఉందని రూథర్‌ఫర్డ్ ఆ మే నెలలో అచ్చువేస్తే భౌతికశాస్త్రంలో ఉన్నవాళ్లే పెద్దగా తలెత్తి చూడలేదు. నవంబర్ 1న లిబియాలో ఒక ఇటాలియన్ వైమానికుడు విమానంలోంచి చేత్తో బాంబులు జారవిడిచాడు. అప్పటికి అదొక వింత. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో నగరాలకు నగరాలు నేలమట్టం అయ్యాకే దాని బరువు తెలిసింది. అయితే ఒక తేడా ఉంది. ధ్రువం మీద జెండా, లిబియాలో బాంబు ఆ రోజు నిజంగా జరిగిన పనులు. ఎవరికి తెలిసినా తెలియకపోయినా పని పూర్తయింది. పుట్టిన బిడ్డ ఏ పనీ చెయ్యలేదు. ఆ పుట్టుకను చరిత్రలో చేర్చే పనంతా ఆ తర్వాత, వేరే చేతుల మీదుగా, జరిగితే జరుగుతుంది, లేకపోతే లేదు.

1911లో కోనసీమకు ఏ కబురైనా నీటి మీదే రావాలి. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన 1900లో పడింది గాని, గౌతమికీ వశిష్టకూ మధ్య ఉన్న ఈ మూడు మూలల నేలలో పట్టాలు లేవు. కాకినాడ నుంచి వచ్చిన రైలు గౌతమికి అవతలి ఒడ్డున కోటిపల్లి దాకా రావడానికే 1928 అయింది. యుద్ధం వచ్చి 1940లో ఆ పట్టాలనూ పీక్కుపోయారు. కాబట్టి మద్రాసు పత్రికైనా, బందరు నుంచి వచ్చే కృష్ణా పత్రికైనా, బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు వారం వారం అచ్చువేసే ఆంధ్రపత్రికైనా బొబ్బర్లంక తలుపుల దగ్గర కాలువలో దిగి, లొల్ల లాకుల దగ్గర దారి చీలి, గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగే పడవలో అమలాపురం చేరేది. మామిడికుదురు ఇంకా అవతల. వైనతేయానికీ వశిష్టకీ నడుమ నగరం దీవి అంటారు దాన్ని. ఆ దీవికి కాలువ నీళ్లు వెళ్లిందే విచిత్రంగా. 1850ల్లో కాటన్ దొర కింది ఇంజనీర్లు గన్నవరం దగ్గర వైనతేయం మీద అక్విడెక్టు కట్టి, నది మీదుగా కాలువను నడిపించారు. కింద నది, పైన కాలువ, కాలువలో పడవ. జిల్లా సరిహద్దులు మార్చి నరసాపురం వైపు తాలూకాలను కృష్ణా జిల్లాలో కలిపినప్పుడు ఈ దీవి మాత్రం గోదావరి జిల్లాలోనే మిగిలిపోయింది. ఆ ఏడాది ఫిబ్రవరి 18న అలహాబాదులో ఒక ఫ్రెంచి యువకుడు ఆరువేల అయిదొందల ఉత్తరాలు విమానంలో వేసుకుని యమున దాటి నైనీలో దిగాడు. ప్రపంచంలో అధికారికంగా మొట్టమొదటి విమాన తపాలా అదే. అదే దేశం, అదే తపాలా శాఖ. నగరం దీవికి మాత్రం పడవ పడవే.

ఈ నీటి నేల నుంచి 1911 నాటి తెలుగు చరిత్రలోకి వెళ్లిన మొదటి పేరు భీమన్నది కాదు, జయంతి రామయ్య పంతులుది. ఆయన 1860లో గౌతమి ఒడ్డున ముక్తేశ్వరంలో పుట్టారు. కోటిపల్లి రేవుకు సరిగ్గా ఎదుటి ఊరు. చదువుకుని రెవెన్యూ శాఖలో చేరి డిప్యూటీ కలెక్టరయ్యారు. శాసనాలు చదవడంలో దిట్ట. బెజవాడ యుద్ధమల్లుడి శాసనాన్ని పరిష్కరించి ప్రకటించింది ఆయనే. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించింది ఆయనే. ఎందుకు ఆ ఏడాదే? బడిలో పైతరగతులకూ కాలేజీకీ తెలుగు వ్యాసరచన పరీక్ష తప్పనిసరి కావడంతో, పిల్లలు ఏ తెలుగులో రాయాలి అన్న ప్రశ్న అప్పుడే వేడెక్కింది. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, బడుల ఇనస్పెక్టరు యేట్స్ దొర, పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఒక వైపు, చదువుకున్నవాళ్లు మాట్లాడే తెలుగే రాయనివ్వండి అన్నారు. రామయ్య పంతులు, వారి వెనక పండితులు రెండో వైపు, కావ్యభాష తప్ప రాతకు మరొకటి పనికిరాదన్నారు. 1913లో రామయ్య పంతులు గ్రాంథికాన్ని సమర్థిస్తూ, గిడుగు వ్యావహారికాన్ని సమర్థిస్తూ ఇంగ్లీషులో పుస్తకాలు వేశారు. తెలుగు ఎలా రాయాలో తేల్చుకోవడానికి ఇద్దరికీ ఇంగ్లీషు కావాల్సి వచ్చింది, తీర్పు చెప్పే కుర్చీలు అక్కడున్నాయి గనక. 1914లో విశ్వవిద్యాలయ సంఘంలో గ్రాంథికం వైపే మొగ్గు కనబడితే గురజాడ తన అసమ్మతి పత్రం రాసిచ్చారు. పంచాంగం లెక్కన ఈ తగాదా వేడెక్కిన 1911 పేరు విరోధికృత్. సంవత్సరాల పేర్లలో అర్థం వెతకడం నాకు ఇష్టం లేదు గాని, ఇది మాత్రం బాగా అతికింది.

ఇక్కడ రామయ్య పంతుల్ని దోషిని చేసి పక్కకు తప్పుకోవడం సులువు. ఆ పని చాలామంది చేశారు కూడా. పరిషత్తు లేకపోతే చెదలు తినేసేవి ఎన్ని తాళపత్రాలో లెక్కేస్తే ఆ తీర్పు నిలవదు. పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూరు సొమ్ముతో పరిషత్తు మొదలుపెట్టిన సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటం 1936లో గాని వెలువడలేదు. పాతిక సంవత్సరాల చాకిరీ అది. పైగా గ్రాంథికవాదుల వాదనలో బలమైనదొకటి ఉంది. మాట్లాడే భాష జిల్లాకొక రకం, కులానికొక రకం. అందులో ఏది ప్రమాణమని తేలుస్తారు? గంజాం వాడి మాటా, కోనసీమ వాడి మాటా ఒకటి కావు. కావ్యభాష ఎవరి ఇంటి భాషా కాదు కాబట్టి అందరికీ సమానదూరంలో ఉంటుంది అన్నది వాళ్ల తర్కం. వినడానికి న్యాయంగానే ఉంది. అయితే ఆ సమానదూరం కాగితం మీదే. తాత దగ్గర అమరం వల్లె వేసిన పిల్లవాడికీ, ఇంట్లో అక్షరం ముక్క లేని పిల్లవాడికీ కావ్యభాష ఒకే దూరంలో ఎలా ఉంటుంది? మొదటివాడు దాటాల్సింది వీధి అరుగు, రెండోవాడు దాటాల్సింది వైనతేయం. గిడుగు వారి పక్షం దీన్ని పట్టుకుంది. కానీ వాళ్లు అడిగినదీ శిష్టుల వ్యావహారికమే, అంటే చదువుకున్న కులాల ఇళ్లలో వాడే తెలుగు. సవరల భాష నేర్చుకుని, వాళ్లకోసం బడులు పెట్టిన గిడుగు వారికి శిష్టుల గడపకు అవతల ఏముందో తెలియదని అనలేం. అయినా పరీక్ష పేపరు చుట్టూ సాగిన ఆ పోరులో మాలపల్లె తెలుగును ప్రమాణంగా తీసుకోమని అడిగిన గొంతు రెండు వైపులా లేదు. కోనసీమలో ప్రతి మాటకూ తోకగా వచ్చే ‘ఆయ్’ అన్నది అటు నిఘంటువులోనూ ఇమడదు, ఇటు వ్యాసంలోనూ ఇమడదు.

ఆ సెప్టెంబరులో మామిడికుదురులో పేద దళిత కుటుంబంలో ఒక మగబిడ్డ పుట్టాడు. తేదీని తిథిలోకి మార్చుకుంటే అది భాద్రపద బహుళం, మహాలయ పక్షం. ఊళ్లలో పోయిన పెద్దలకు తర్పణాలు విడిచే పదిహేను రోజులు. శుభకార్యం తలపెట్టరు, కొత్తది మొదలుపెట్టరు. బ్రాహ్మణవీధిలో ఆ పక్షమంతా ఎవరి తాత ఏ తిథిన పోయాడో పుస్తకం చూడకుండా చెప్పగలిగే జ్ఞాపకశక్తి పనిచేస్తూ ఉంటుంది. మన దగ్గర మరణానికున్న లెక్క జననానికి లేదు. తద్దినం ఏటా వస్తుంది, పుట్టినరోజు పండగ నిన్నమొన్నటిది. సర్కారు లెక్కలోనూ అంతే. అప్పటి జనన మరణాల పుస్తకాల్లో పుట్టిన బిడ్డకు పేరుండదు. తేదీ, ఆడా మగా, తండ్రి పేరు, కులం ఉంటాయి. కులం గడి మాత్రం ఖాళీగా వదలరు. అదే ఏడాది మార్చి 10 రాత్రి దేశమంతా జనాభా లెక్క తీశారు. ముప్పై ఒకటిన్నర కోట్ల మంది అని తేలింది. ఆ రాత్రికీ ఈ పుట్టుకకూ ఆరు నెలల పైచిలుకు తేడా. ఆ ఏడాది రాసిన అతిపెద్ద జాబితాలో కూడా ఈ బిడ్డ లేడన్నమాట.

అదే మార్చిలో, లెక్క తీసిన ఆరో రోజున, ఇంకో సంగతి జరిగింది. ప్రపంచ జాబితాల్లో దానికి చోటు దొరకదు గాని, మామిడికుదురు వైపు నుంచి చూస్తే దర్బారు కన్నా అదే పెద్దది. 1911 మార్చి 16న గోపాలకృష్ణ గోఖలే కేంద్ర శాసనసభలో ప్రాథమిక విద్య బిల్లు పెట్టారు. ఆరు నుంచి పదేళ్ల మగపిల్లల్ని తప్పనిసరిగా బడికి పంపే అధికారం స్థానిక సంస్థలకు ఇవ్వమని అడిగారు, అదీ ఎన్నో షరతులతో, ఇష్టమున్న చోట్ల మాత్రమే. ఇంతకన్నా మెత్తగా అడగడం కుదరదు. జనం అడగడం లేదన్నారు, డబ్బు లేదన్నారు. అందరూ చదివితే పొలంలోకి ఎవరు దిగుతారన్న భయం భూస్వాముల్లో ఉంది. 1912 మార్చి 19న 38 ఓట్లకు 13 ఓట్లతో బిల్లు పోయింది. అప్పటికి భీమన్నకు సరిగ్గా ఆరు నెలలు. మద్రాసు రాష్ట్రంలో ప్రాథమిక విద్య చట్టం 1920లో వచ్చింది, అప్పుడూ నిర్బంధం స్థానిక సంస్థల ఇష్టానికే వదిలారు. 1911 లెక్కల్లో దేశం మొత్తం మీద అక్షరాస్యులు నూటికి ఆరుగురు. ఆడవాళ్లలో అయితే నూటికి ఒకరు. దళితవాడ నుంచి బడికి వెళ్లాలంటే ఉన్న దారులు కొద్ది. నరసాపురం కేంద్రంగా 1836 నుంచి పనిచేస్తున్న గోదావరి డెల్టా మిషన్ లాంటి క్రైస్తవ సంఘాల బడులు, తర్వాత సర్కారు లేబర్ శాఖ తెరిచిన బడులు, ఎక్కడో ఒక మంచి పంతులు. మిగిలినవాళ్లకు పాలేరుతనం. ఏడాది లెక్కన రైతు దగ్గర కుదిరి, పశువుల సాలలో మొదలై పశువుల సాలలో ముగిసే బతుకు.

ఆ ఏడాది మరణాల జాబితాలో నాకు ఆసక్తిగా కనిపించే పేరు ఫ్రాన్సిస్ గాల్టన్. జనవరి 17న ఇంగ్లండులో పోయారు. ప్రతిభ వంశాల్లో దిగివస్తుందనీ, గొప్పవాళ్ల ఇళ్లలోనే గొప్పవాళ్లు పుడతారనీ పుస్తకం రాసి, దాన్ని శాస్త్రమని నమ్మించిన మనిషి. మన పెద్దలు ఆ పుస్తకం చదవకుండానే ఆ మాట నమ్మారు. జననాల జాబితా చదివే మనం కూడా తెలియకుండా కొంత గాల్టన్ పక్షమే వహిస్తాం. పుట్టిన తేదీని సంఘటనగా రాయడమంటే, జరగాల్సిందంతా ఆ రోజే ఆ బిడ్డలో ఉందనీ, కాలం దాన్ని విప్పి చూపించిందంతేననీ ఒప్పుకోవడమే. దీనికి ఒక మర్యాదైన రూపాంతరం కూడా వినబడుతుంది: నిజమైన ప్రతిభ ఎలాగైనా పైకి వస్తుంది, భీమన్నే సాక్ష్యం కదా అని. ఇది లెక్కలో మోసం. పైకి వచ్చిన ఒక్కడిని చూపించి, రానివాళ్లకు ప్రతిభ లేదని రుజువు చెయ్యడం. నగరం దీవిలో 1911లో పుట్టిన పాలేరు పిల్లల్లో ఎంతమందికి పాట కట్టే గొంతు ఉందో చెప్పే జాబితా ఎవరూ రాయలేదు. దారి ఉందా లేదా అన్నది చూడకుండా చేరినవాడి కాళ్లను మెచ్చుకుంటే, ఆ మెప్పు ఆయనకు దక్కదు, గోడ కట్టినవాళ్లకు దక్కుతుంది.

భీమన్న నడిచిన దారి చూస్తే అందులో పుట్టుక వాటా ఎంతో, మిగతావాటి వాటా ఎంతో తెలుస్తుంది. 1935లో బి.ఏ., 1937లో బి.ఎడ్. ఉపాధ్యాయుడు, పత్రికా రచయిత, తర్వాత రాష్ట్ర ప్రభుత్వ అనువాద శాఖ సంచాలకులు, శాసన మండలి సభ్యులు. పద్యం, గేయం, వచన కవిత, నాటకం అన్నీ రాశారు. ఊరూరా ఆడిన ‘పాలేరు’ నాటకంలో పాలేరు కుర్రాడు చదువుకుని అధికారి అవుతాడు. నాటకంగా చూస్తే కథ మరీ సూటిగా నడుస్తుందని ఇవాళ్టి విమర్శకుడు అనొచ్చు. కానీ చూడ్డానికి వచ్చినవాళ్లకు కావాల్సింది మలుపులు కాదు, అలాంటిది జరగొచ్చు అన్న ఊహ. కలెక్టరు కచేరీ ముక్తేశ్వరానికి ఎప్పుడో అందింది, మామిడికుదురుకు మొదట రంగస్థలం మీద అందింది. ‘గుడిసెలు కాలిపోతున్నై’ కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్. ఆత్మకథకు ఆయన పెట్టుకున్న పేరు ‘పాలేరు నుంచి పద్మశ్రీ వరకు’. జాబితా రాసేవాళ్లు ఈ పేరులో చివరి మాట పట్టుకుంటారు, ఆయన బరువు వేసింది ‘నుంచి’, ‘వరకు’ మీద. పరిషత్తు తగాదా ఆయన చేతిలో ఏమైందో కూడా చూడాలి. ఛందస్సును ఆయన పారెయ్యలేదు, పండితుల సొత్తని వాళ్లకే వదిలెయ్యలేదు. కావ్యభాషా తీసుకున్నారు, పల్లె మాటా తీసుకున్నారు. అందుచేత ఆయన్ని వ్యావహారికవాదుల గెలుపుకు గుర్తుగా నిలబెట్టడం కూడా సరిపడదు. 1911లో ఇద్దరు పెద్దమనుషుల మధ్య ఆస్తి తగాదాగా నడిచిన భాషలోకి, వాదిగానో ప్రతివాదిగానో కూడా పేరు లేని మూడో మనిషి వచ్చి కూర్చున్నాడు. అంబేడ్కర్ ‘కుల నిర్మూలన’ను తెలుగులోకి తెచ్చింది ఆయనే. 1911లో అంబేడ్కర్ బొంబాయి ఎల్‌ఫిన్‌స్టన్ కాలేజీలో బరోడా మహారాజు ఇచ్చే ఉపకార వేతనం మీద చదువుకుంటున్న విద్యార్థి. అక్కడా అంతే, పుట్టుకకు తోడు ఒక వేతనం, ఒక కాలేజీ తలుపు కావాల్సి వచ్చాయి.

ముక్తేశ్వరం, మామిడికుదురు ఒకే సంవత్సరంలో కలిశాయంటే అది కాకతాళీయం కాదా, దాని మీద ఇంత మేడ కట్టొచ్చా అని ఎవరైనా అడిగితే, అవును, కాకతాళీయమే. పరిషత్తు పుట్టినందుకు భీమన్న పుట్టలేదు, గోఖలే బిల్లు ఓడినందుకు ఆయన రాయలేదు. సంవత్సరం అన్నది కారణం చెప్పదు. పొలంలో గొలుసు వేసి కొలిచినట్టు అడ్డంగా ఒక గీత గీస్తుంది, అంతే. కానీ ఆ గీత గీస్తేనే ఒకే రోజున ఎవరు ఎంత దూరంలో నిలబడ్డారో కనబడుతుంది. ఇంకో అభ్యంతరం, ఇది ప్రపంచ చరిత్రను ఊరి రచ్చబండకు కుదించడం కదా అని. దర్బారు ఊసే చూడండి. విభజించిన బెంగాలును మళ్లీ ఒకటి చేసినప్పుడు, ఒకే భాష మాట్లాడేవాళ్లు ఒక పాలన కింద ఉండొచ్చని సర్కారే ఒప్పుకున్నట్టయింది అని తెలుగువాళ్లు అర్థం చేసుకున్నారు. 1912లో నిడదవోలు సభలో ఆ మాట నలిగింది, 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ఢిల్లీలో చక్రవర్తి అన్న మాట గోదావరి గట్టున ఆంధ్ర రాష్ట్రమై మొలిచింది. అదే 1911లో హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ మన్య సంఘం పెట్టారు, 1917లో బెజవాడ సభలో ఆయనా తోటివారూ తమను ఆది ఆంధ్రులుగా ప్రకటించుకున్నారు. ఆంధ్ర అన్న మాటను ఒకరు ఎల్లలకు వాడుకుంటుండగా ఇంకొకరు వంశానికి, మొదటి హక్కుకు వాడుకున్నారు. ఊరి నుంచి చూస్తే ప్రపంచం చిన్నదవదు, ఏ వార్త ఎవరి పొలంలో పండిందో తెలుస్తుంది.

కోనసీమ తనంతట తాను ఎవరిని గుర్తుపెట్టుకుంది అన్నదీ చూడదగ్గదే. 1909 ఏప్రిల్ 28న లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ పోయారు. ఇంటికొచ్చిన వాళ్లకు వేళాపాళా లేకుండా వండిపెట్టిన ఇల్లాలు. సరిగ్గా దానికి ముందు రోజు ఇస్తాంబుల్‌లో సుల్తాన్ అబ్దుల్ హమీద్‌ను గద్దె దింపారు. ఈ నేలలో ఆ సుల్తాను పేరు తెలిసినవాళ్లు లేరు. సీతమ్మ పేరు 2000లో కొత్త అక్విడెక్టుకు పెట్టారు, 2024లో రాష్ట్రమంతటా బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి పెట్టారు. అన్నం పెట్టిన చేతిని జ్ఞాపకం పెట్టుకోవడానికి ఈ ప్రాంతానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. పేరు పెట్టడం అంత సులువుగా జరగని సందర్భం కూడా ఉంది. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడి, దానికి అంబేడ్కర్ పేరు చేర్చాలన్నప్పుడు మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. పేరు చివరికి నిలిచింది. ‘గుడిసెలు కాలిపోతున్నై’ రాసిన మనిషి అప్పటికి పోయి పదహారేళ్లు దాటింది.

1911 జనాభా లెక్కలో చదువు గడి నింపడానికి ఎన్యూమరేటర్లకు ఒక కొలత ఇచ్చారు. సంతకం పెడితే చాలదు, అచ్చు చదివితే చాలదు. స్నేహితుడికి ఒక ఉత్తరం రాసి, ఆయన రాసిన జవాబు చదువుకోగలిగితేనే అక్షరాస్యుడు. ఆ కొలతతోనే నూటికి ఆరుగురు తేలారు. భీమన్న పేరు మొదటిసారి ఎక్కాల్సిన లెక్క 1921 మార్చి నాటిది, అప్పటికి తొమ్మిదేళ్ల పిల్లవాడు. ఆయన తర్వాత రాసిన పుస్తకాల్లో ఒకదాని పేరు ‘జానపదుని జాబులు’.